మెదడు పొరలు, రక్తపు కాలువలు – బాలింత దాహం

పసిబిడ్డకు స్నానం చేయించే ముందు నడినెత్తి మీద మాడుకు ఆముదం పెట్టడం మన ఇళ్ళలో తరతరాల ఆచారం. వేలితో తాకితే ఆ చోటు మెత్తగా, లయబద్ధంగా కొట్టుకొంటూ ఉంటుంది. ఎముకలు ఇంకా కలుసుకోని ఆ తావులో చర్మానికీ మెదడుకూ మధ్య ఉన్నవి కొన్ని పొరలు మాత్రమే. ఆ పొరలలో ఒకదాని మడతలోనే, నుదుటి వైపు నుండి తల వెనుకకు, మెదడు వాడుకొని విడిచిన రక్తాన్ని మోసుకొనిపోయే పెద్ద కాలువ ఉన్నది. బిడ్డకు విరేచనాలు పట్టుకొని ఒంట్లో నీరు తగ్గితే మాడు గుంటపడుతుందని ఇంటి పెద్దలకు తెలుసు. సాధారణంగా 18 నెలలకల్లా మాడు పూడుకొనిపోతుంది. అటు తరువాత నీటి కొరత నెత్తి మీద కనబడదు గాని, లోపలి కాలువ మీద దాని ప్రభావం మాత్రం తొలగిపోదు. బాలింత ఉన్న ఇంటివారు ఈ సంగతిని ప్రత్యేకించి తెలుసుకోవాలి.

మెదడుకు పుర్రె గాక మూడు పొరల రక్షణ ఉన్నది. పైపొర పేరు వరాశిక. వైద్యులు డ్యూరా మేటర్ అంటారు. ఇది తోలు వలె దళసరిగా ఉండి పుర్రె లోపలి వైపును అంటిపెట్టుకొని ఉంటుంది. దాని క్రింద లౌతికళ. సంస్కృతంలో లూత అంటే సాలెపురుగు. ఈ పొర పోగులు సాలెగూటిని తలపిస్తాయి కనుక ఆ పేరు. అన్నిటికంటె లోపలిది మృద్వి. అతి పలుచనైన ఈ పొర మెదడులోని ప్రతి ముడతలోనికీ దిగి దానిని అంటుకొని ఉంటుంది.

లౌతికళకూ మృద్వికీ నడుమ స్వచ్ఛమైన నీటి వంటి మస్తిష్క మేరుద్రవం ఉంటుంది. మెదడు, వెన్నుపాము చుట్టూ కలిపి ఇది దాదాపు 150 మిల్లీలీటర్లు. కాని రోజుకు ఊరేది సుమారు 500 మిల్లీలీటర్లు. అనగా పాతది నిరంతరం బయటికి పోతూ ఉండాలి. సుమారు 1400 గ్రాముల మెదడు ఈ ద్రవంలో తేలుతూ 50 గ్రాముల బరువు మాత్రమే ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. బావిలో మునిగి ఉన్నంత సేపు తేలికగా వచ్చిన బిందె నీటి పైకి రాగానే బరువెక్కడం చేదతో తోడినవారికి అనుభవమే.

వరాశికలో నిజానికి రెండు పొరలు అతుక్కొని ఉంటాయి. కొన్ని చోట్ల అవి విడివడి మధ్యలో కాలువలుగా ఏర్పడతాయి. ఇవే సిరాకోటరాలు. వైద్యులు వీటినీ సైనస్ అనే పిలుస్తారు. జలుబు చేసినప్పుడు మనం చెప్పుకొనే సైనస్ ముక్కు ప్రక్కనున్న గాలి గది. ఇది రక్తపు కాలువ. రెండూ వేరు. నడినెత్తి క్రింద సాగే కాలువ, మెదడు లోతులనుండి వచ్చే మరొక కాలువ తల వెనుక ఒక కూడలిలో కలుస్తాయి. అక్కడినుండి రక్తం కుడి ఎడమలకు చీలి, చెవుల వెనుకగా దిగి, మెడలోని పెద్ద సిరలలో పడి గుండెకు చేరుతుంది. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దానికి అటు ఇటుగా అలెగ్జాండ్రియాలో జీవించిన హీరోఫిలస్ అనే వైద్యుని పేరిట ఈ కూడలిని నేటికీ ‘హీరోఫిలస్ ద్రాక్షగానుగ’ అని వ్యవహరిస్తున్నారు. మన సుశ్రుతుడు 107 మర్మాలను వివరిస్తూ, శిరస్సు లోపల పైభాగంలో సిరలు, సంధులు కూడే చోటును ‘అధిపతి’ మర్మమన్నాడు. దానికి వెలుపలి గుర్తు తల మీది సుడి. అక్కడ దెబ్బ తగిలితే వెంటనే ప్రాణం పోతుందని చెప్పాడు. ఆయన చెప్పినది ఈ కాలువల కూడలినే అని పట్టుబట్టడం నాకు సమ్మతం కాదు. అయినా నెత్తి లోపల సిరల కలయిక ప్రాణస్థానమన్న ఎరుక గొప్పది.

మెదడు ఉపరితలం నుండి ఈ కాలువలలోనికి సన్నని సిరలు వంతెనల వలె దాటుతాయి. వృద్ధాప్యంలో మెదడు కొంత కుంచించుకొనిపోగా ఈ సిరలు సాగి బిగుసుకొంటాయి. అందుచేతనే స్నానాలగదిలో జారిన తాతగారికి ఆనాడు ఏమీ కాకపోయినా, కొన్ని వారాల తరువాత మతిమరుపో, మగతో, నడకలో తడబాటో కనబడితే వయసు మీదికి నెట్టివేయరాదు. అదే విధంగా, ముక్కు ప్రక్కన, పైపెదవి మీద లేచిన చీము కురుపులను గిల్లరాదు. అక్కడి సిరలకు కంటి వెనుక మార్గం ద్వారా లోపలి కాలువతో సంబంధం ఉన్నది.

ఇక అసలు విషయం. కాళ్ళ సిరలలో రక్తం వెనుకకు జారకుండా కవాటాలు ఉంటాయి. పిక్క కండరాలు పిండి రక్తాన్ని పైకి నెడతాయి. ఈ తలలోని కాలువలకు కవాటాలు లేవు, గోడలలో కండరం లేదు. మెదడుకు నిమిషానికి సుమారు 750 మిల్లీలీటర్ల రక్తం వస్తుంది. అంతా ఈ దారినే పోవాలి. రక్తం చిక్కబడి ఇక్కడ గడ్డ కడితే వెనుకనున్న సిరలు ఉబ్బుతాయి, మెదడు వాస్తుంది, కొన్ని చోట్ల సిరలు చిట్లి రక్తస్రావమూ జరుగుతుంది. పైగా మస్తిష్క మేరుద్రవం ఇంకేది చాలావరకు ఈ కాలువలలోనికే కనుక తల లోపలి ఒత్తిడి మరింత పెరుగుతుంది.

ప్రసవంలో రక్తం ఎక్కువగా పోకుండా ప్రకృతి గర్భిణి రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ప్రసవానంతరం సుమారు ఆరు వారాల వరకు అది పూర్తిగా తగ్గదు. సరిగా ఆ రోజులలోనే మనవారు బాలింతను తలుపులు మూసిన గదిలో ఉంచి, తలకు గుడ్డ చుట్టి, కుంపటి పెట్టి, “నీళ్ళు తాగితే ఒళ్ళు నీరు పడుతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది” అని దాహం తీరనివ్వరు. చెమట రూపంలో నీరు పోతుంది. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళు నీరే. ఆ విధంగానూ పోతుంది. రక్తహీనత తోడైతే ప్రమాదం పెరుగుతుంది. వేసవి కాన్పులలో ఈ కట్టడి మరింత కఠోరం.

ఇది శాస్త్రమని కొందరనుకొంటారు. చరక సంహిత శారీరస్థానంలో సూతికకు పిప్పలి మొదలైనవి కలిపిన స్నేహద్రవ్యం ఇచ్చి, అది జీర్ణమయ్యాక పలుచని యవాగువు, అంటే జావ, ఐదు లేక ఏడు రాత్రులు ఇవ్వమని ఉన్నది. నిప్పు వంటి కాయం ముద్ద పెట్టి నీరు మానిపించడం అందులో లేదు. కాయం, మిరియాల అన్నం మితంగా పెట్టండి, తప్పు లేదు. వాటితో పాటు లీటరు నీటిలో చెంచా వాము వేసి కాచి వడగట్టి, గోరువెచ్చగా ఆమె అడిగినప్పుడల్లా ఇవ్వండి. పాతబియ్యపు గంజి, పలుచని మజ్జిగ, పెసరకట్టు మంచివి. మూత్రం ముదురు పసుపు రంగులో, కొద్దిగా వస్తూ ఉంటే నీరు చాలలేదన్నమాట. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం వైద్యుడు చెప్పిన కొలతనే పాటించాలి.

ఈ జబ్బు బాలింతలకే పరిమితం కాదు. హైదరాబాదు నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 428 మంది రోగులను పరిశీలించి 2012లో ప్రకటించిన వివరాలలో సగానికి పైగా పురుషులే. రక్తహీనత, మద్యపానం కూడా కారణాలలో కనిపించాయి.

మామూలు తలనొప్పికి శొంఠిగంధం పట్టు వేయవచ్చు. కాని కాన్పు అయిన ఆరు వారాలలో తలనొప్పి రోజురోజుకూ హెచ్చుతున్నా, పడుకొన్నప్పుడు, దగ్గినప్పుడు తీవ్రమవుతున్నా, వాంతులు, చూపు మసకబారడం, ఒక చెయ్యి కాలు పట్టు తప్పడం, మూర్ఛ, మగత వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పట్టుతో, తాయెత్తుతో పూట గడపరాదు. సన్ని కమ్మిందని భావించి గదిలో ఉంచిన తల్లులలో కొందరికి నిజంగా ఉన్నది ఈ గడ్డయే. నరాల వైద్యుడున్న ఆసుపత్రికి ఆ రోజే తీసుకొనిపోవాలి. ఎన్ని రోజుల బాలింతరాలో ముందుగా చెప్పాలి. మామూలు సి.టి. పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చు. సిరలను చూపే ఎం.ఆర్. వీనోగ్రాం అవసరమవుతుంది. గడ్డ పెరగకుండా హెపారిన్ సూదిమందు ఇస్తారు. మెదడులో కొంత రక్తస్రావం ఉన్నా ఇదే మందు ఇవ్వడం చూసి ఇంటివారు బెదరనక్కరలేదు. వేళకు చికిత్స అందినవారిలో ఎక్కువమంది బాగా కోలుకొంటారు. తరువాత కొన్ని నెలలు మాత్రలు వాడాలి. ఒకసారి ఈ జబ్బు వచ్చిన స్త్రీ ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడరాదు. మళ్ళీ గర్భం ధరించదలచినప్పుడు ముందుగానే వైద్యునికి పాత కాగితాలు చూపాలి.