మాటకు శిక్ష పడేదెప్పుడు?

ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ‘టోనహీ’ అన్నది చిన్న మాట. మన చేతబడి, చిల్లంగి, బాణామతులకు అది దాయాది. పసిబిడ్డకు జ్వరం వచ్చినా, పాడి ఆవు వట్టిపోయినా, దిక్కులేని ఒక విధవ వంక వేలు చూపించి ఆ మాట అంటే చాలు. ఆమె బ్రతుకుతో పాటు ఆమె కూతుళ్ల పెళ్లిసంబంధాలూ చెడతాయి. ఆస్తి రాకపోయినా అపవాదు వారసత్వంగా వస్తుంది.

రాయ్‌పూర్‌లో తన ముత్తవ్వను ఊరు ఎందుకు వెలివేసిందని ఎవరైనా పాత గ్రంథాలను వెదకితే దొరికేదేమిటి? నాగపూర్ రాజ్యం 1854లో కంపెనీ వశమైనప్పుడు ఛత్తీస్‌గఢ్ కూడ దానితో పోయింది. 1861లో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగమయింది. ఆ రాష్ట్రపు కులాలు, తెగల మీద రస్సెల్, హీరాలాల్ 1916లో ప్రచురించిన నాలుగు సంపుటాలలో బస్తర్ పరీక్షల వర్ణన ఉన్నది. అనుమానితురాలిని సంచిలో కుట్టి నీటిలో దింపేవారు. తల పైకెత్తగలిగితే మంత్రగత్తె అని తీర్పు. చింత, ఆముదపు బెత్తాలతో కొట్టేవారు, తల గొరిగేవారు, మంత్రం ఉచ్చరింపకుండ ముందుపళ్లు రాలగొట్టేవారు. ఆచారాన్ని ఇంత శ్రద్ధగా వ్రాసుకున్న వారి వర్ణనలో దెబ్బలు తిన్న స్త్రీకి పేరు లేదు. మనుమరాలికి ముత్తవ్వ దొరకదు, ఆచారమే దొరుకుతుంది.

1862 నుంచి అమలైన భారత శిక్షాస్మృతి హత్యను హత్యగానే చూసింది. అది మేలే. కాని హత్యకు దారితీసిన మాటను అది ప్రత్యేకంగా పట్టించుకోలేదు. పరువునష్టం సెక్షన్ ఉన్నమాట నిజమే. ఊరంతా ఒక్కటైనప్పుడు సాక్షి లేని విధవ ఏ కోర్టు మెట్లెక్కగలదు?

రాయ్‌పూర్ రాజధానిగా 2000లో ఏర్పడిన రాష్ట్రం 2005లో టోనహీ వేధింపుల నివారణ చట్టం చేసింది. అందులోని నిర్వచనం గమనింపదగినది. మంత్రశక్తి కలది టోనహీ అని చట్టం చెప్పదు. కీడు చేయగలదని ఇతరులు ఎవరిని వేలెత్తి చూపుతారో ఆ వ్యక్తి టోనహీ అంటుంది. శక్తి ఆమెలో లేదు, ఆ వేలిలో ఉన్నదని శాసనమే ఒప్పుకున్నది. అలా ముద్ర వేసినవారికి మూడేళ్లదాక, హింసించినవారికి అయిదేళ్లదాక కఠిన శిక్ష.

చట్టంతో నమ్మకం మాయం కాలేదు. ఆ తర్వాతా హత్యలు జరిగాయి. వైద్యుడు అందని ఊరిలో జ్వరానికి కారణం చెప్పేవాడు బైగాయే. అయినా చంపిన తర్వాత కాక, మాట అన్న నాడే పోలీసు ఠాణా తలుపు తట్టే అవకాశం బాధితురాలికి దక్కింది.

బీహార్ 1999లో, ఝార్ఖండ్ 2001లో ఇటువంటి చట్టాలు చేశాయి. దభోల్కర్ హత్య జరిగిన 2013లోనే మహారాష్ట్ర మేల్కొన్నది. పార్లమెంటు మాత్రం దేశమంతటికీ వర్తించే శాసనం ఇంతవరకు చేయలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ప్రత్యేక చట్టం లేదు. బాణామతి పేరిట చెట్టుకు కట్టి కొట్టిన వార్త వచ్చినప్పుడల్లా మనం నిట్టూర్చి పుట తిప్పుతున్నాము.

అడవి జిల్లాల అజ్ఞానమని ఛత్తీస్‌గఢ్‌ను చులకన చేసేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. అక్కడ వేలెత్తి చూపడమే నేరం. ఇక్కడ రక్తం కారేదాక ఎందుకు ఆగాలి?