రిపోర్టు తప్పు కాదు, నా లెక్క తప్పు: బోరు నీళ్లతో మోల్ కాన్సెప్ట్

ఇంటర్ ఫస్టియర్ పిల్లలు ఎక్కువ మంది అడిగే టాపిక్ ఈరోజు మాట్లాడుకుందాం. "అన్నా, మోల్ అంటే ఏందో ఎంత చదివినా ఎక్కడం లేదు" అని అడుగుతున్నారు కదా. ముందు నా పరువు పోయిన కథ ఒకటి చెప్తా. అది వింటే ఈ టాపిక్ సగం అర్థమైపోతుంది.

మా ఇంట్లో బోరు నీళ్లు. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది, సబ్బు నురగ రాదు. కడప, కర్నూలు పక్కన చాలా ఇళ్లలో ఇదే కథ. నాయన ఒక సీసాలో నీళ్లు పట్టుకుపోయి ల్యాబ్‌లో టెస్ట్ చేయించినాడు. రిపోర్టులో ఇట్లా ఉంది: లీటరుకు కాల్షియం 120 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 48 మిల్లీగ్రాములు. దాని కింద "మొత్తం కాఠిన్యం, కాల్షియం కార్బొనేట్‌గా, 500 మిల్లీగ్రాములు".

నేను బీటెక్ కదా, వెంటనే కూడేసినా. 120 ప్లస్ 48, 168. మరి 500 యాడ నుంచి వచ్చింది? "నాయనా, ల్యాబోళ్లు లెక్క తప్పు వేసినారు. మన నీళ్లు మంచివే" అని చెప్పేసినా. "ఏమోప్పా, చదువుకున్నోనివి, నువ్వే చెప్పాల" అని నాయన ఊరుకున్నాడు.

ఏడాది తిరక్కుండానే గీజర్ పోయింది. ప్లంబర్ విప్పి చూపిస్తే లోపల కాయిల్ మీద సున్నం పూసినట్టు తెల్లగా గట్టు కట్టింది. అప్పుడు ఆ రిపోర్టు మళ్లీ తీసి చూసినా. తప్పు వేసింది ల్యాబోళ్లు కాదు, నేను. ఇంటర్‌లో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న మోల్ లెక్క, ఇంట్లో అవసరం వచ్చినప్పుడు నాకు గుర్తుకే రాలేదు.

తూకం వేరు, లెక్క వేరు

మన దిక్కు రైతు విత్తనం తూకం వేసి కొంటాడు కానీ, చేనులో మొలిచేది గింజల లెక్కన. 100 శనక్కాయ గింజలు 40 గ్రాములు తూగుతాయి అనుకుందాం. 100 కంది గింజలు 10 గ్రాములు అనుకుందాం. ఇప్పుడు 10,000 గింజలు కావాలంటే శనగింజలు 4 కేజీలు తేవాల, కందులు 1 కేజీ చాలు. తూకం నాలుగు రెట్లు తేడా, గింజల లెక్క మాత్రం సమానం. ఒక్క గింజ కూడా చేత్తో లెక్కపెట్టలేదు. తూకం వేసి లెక్క తెలుసుకున్నాం.

మోల్ కూడా అంతే. కాకపోతే గింజల బదులు అణువులు. అణువు ఎంత చిన్నదంటే వంద, వెయ్యి, కోటి అనే లెక్కలు దానికి ఆనవు. అందుకని ఒక పెద్ద గుంపు పెట్టుకున్నాం. ఆ గుంపులో 6.022 × 10²³ కణాలు ఉంటాయి. ఆ గుంపు పేరే మోల్.

ఆ నంబరే ఎందుకు? మూలకాల పట్టికలో కాల్షియం 40, మెగ్నీషియం 24, కార్బన్ 12, ఆక్సిజన్ 16 అని ఉంటుంది కదా. అవి ఒక్కో పరమాణువు ఎంత బరువో పోల్చి చెప్పే అంకెలు. అదే అంకెకు "గ్రాములు" అని తగిలిస్తే, అందులో ఒక మోల్ పరమాణువులు ఉండేట్టు ఆ నంబర్ కుదిరింది. 40 గ్రాముల కాల్షియంలో, 24 గ్రాముల మెగ్నీషియంలో, 12 గ్రాముల కార్బన్‌లో ఉండే పరమాణువుల లెక్క ఒకటే.

చరిత్ర రెండు ముక్కల్లో. 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో ఒక మాట చెప్పినాడు: ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణం ఉన్న వాయువుల్లో అణువుల సంఖ్య సమానం. ఆ సంఖ్య ఎంతో ఆయనకు తెలియదు. దాదాపు వందేళ్ల తర్వాత, 1909లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త పెర్రిన్ దానికి అవొగాడ్రో పేరు పెట్టినాడు. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు అని ప్రపంచమంతా స్థిరం చేసుకుంది. పరీక్షలో 6.022 చాలు.

ఇప్పుడు నా తప్పు దిద్దుదాం

సబ్బు నురగ రాకుండా చేసేది కాల్షియం, మెగ్నీషియం అయాన్లు. ఒక కాల్షియం అయాన్ ఎంత సబ్బును చెడగొడుతుందో, ఒక మెగ్నీషియం అయాన్ కూడా అంతే చెడగొడుతుంది. అంటే ఇక్కడ లెక్క తలల మీద, బరువు మీద కాదు. రసాయన చర్య ఏదైనా ఇంతే. నేను బరువులు కూడినా, తలలు లెక్కపెట్టలేదు.

మళ్లీ చేద్దాం. బరువును మోలార్ ద్రవ్యరాశితో భాగిస్తే మోల్స్ వస్తాయి. ఇక్కడ బరువు మిల్లీగ్రాముల్లో ఉంది కాబట్టి వచ్చేవి మిల్లీమోల్స్, అంటే మోల్‌లో వెయ్యో వంతు.

కాల్షియం: 120 ÷ 40 = 3 మిల్లీమోల్స్.
మెగ్నీషియం: 48 ÷ 24 = 2 మిల్లీమోల్స్.
మొత్తం: 5 మిల్లీమోల్స్.

ఇప్పుడు ల్యాబ్ వాళ్లు ఏం చేస్తారంటే, ఈ 5 మిల్లీమోల్స్ అంతా కాల్షియం కార్బొనేట్ అయ్యుంటే ఎంత తూగేదో చెప్తారు. కాల్షియం కార్బొనేట్ మోలార్ ద్రవ్యరాశి: కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48, మొత్తం 100. కాబట్టి 5 × 100 = 500 మిల్లీగ్రాములు. రిపోర్టులో ఉన్నది అదే!

నీళ్లలో 500 మిల్లీగ్రాముల సున్నపురాయి పొడి తేలుతోందని దీని అర్థం కాదు. రెండు వేర్వేరు పదార్థాలను ఒకే కొలతలోకి తెచ్చి చెప్పే పద్ధతి ఇది. 100 అనేది గుండు అంకె కాబట్టి లెక్క సులువు. మన దేశ తాగునీటి ప్రమాణంలో ఈ కాఠిన్యం లీటరుకు 200 దాకా మేలు, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. 168 అనుకుంటే మా నీళ్లు మంచివి. 500 అంటే గట్టి నీళ్లే. ఒక్క భాగహారం మర్చిపోయినందుకు గీజర్ పోయింది.

మోల్ అంటే బస్టాండ్

మీ ఊరి నుంచి ఇంకో పల్లెకు నేరుగా బస్సు ఉండదు. ముందు బస్టాండ్‌కు రావాల, అక్కడ బస్సు మారాల. మోల్ లెక్కలు కూడా అట్లనే. గ్రాములు ఒక ఊరు, కణాల సంఖ్య ఒక ఊరు, వాయువు లీటర్లు ఒక ఊరు. యాడికి పోవాలన్నా మోల్ మీదుగానే.

గ్రాముల నుంచి మోల్స్‌కు: మోలార్ ద్రవ్యరాశితో భాగించు. తిరిగి గ్రాములకు: దాంతోనే గుణించు.
మోల్స్ నుంచి కణాలకు: 6.022 × 10²³తో గుణించు. తిరిగి మోల్స్‌కు: భాగించు.
మోల్స్ నుంచి వాయువు లీటర్లకు: 22.4తో గుణించు. కానీ ఇది 0 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో మాత్రమే.

మా బోరు నీళ్లలో లీటరుకు ఎన్ని అయాన్లు? 5 మిల్లీమోల్స్ అంటే 0.005 మోల్స్. 0.005 × 6.022 × 10²³ = 3.011 × 10²¹. ఒక్క లీటరులో!

బెలుం గుహల నుంచి సున్నం బట్టీ దాకా

ఈ కాల్షియం మన నీళ్లలోకి ఎట్లా వచ్చింది? మన కాళ్ల కిందే సున్నపురాయి ఉంది. బేతంచెర్ల బండలు, ఇళ్లలో పరిచే నల్ల కడప రాయి, ఎర్రగుంట్ల దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు, అన్నింటికీ మూలం అదే. కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాననీళ్లు ఆ రాయిని కొంచెం కొంచెం కరిగిస్తాయి. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలను మూడు కిలోమీటర్లకు పైగా తొలిచింది అట్లాంటి నీళ్లే. అక్కడ గుహ అయింది, మా ఇంట్లో గీజర్ మీద పొర అయింది.

ఇప్పుడు పరీక్ష లెక్క. ఒక టన్ను స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో పూర్తిగా కాలిస్తే ఏం వస్తుంది? ఒక మోల్ కాల్షియం కార్బొనేట్ విడిపోతే ఒక మోల్ కాల్షియం ఆక్సైడ్, అంటే పొడిసున్నం, ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ వస్తాయి.

ఒక టన్ను అంటే 10,00,000 గ్రాములు. 100తో భాగిస్తే 10,000 మోల్స్.
పొడిసున్నం: 10,000 × 56 = 560 కేజీలు.
కార్బన్ డయాక్సైడ్: 10,000 × 44 = 440 కేజీలు.

రెండూ కలిపితే మళ్లీ 1,000 కేజీలు. లెక్క సరిపోయిందో లేదో ఇట్లా చూసుకోండి. రాయిలో దాదాపు సగం బరువు గాల్లోకి పోతుంది. బొగ్గు పొగ దీనికి అదనం. సిమెంటుతో వాతావరణానికి ఇబ్బంది అని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా.

ఆ వాయువు ఎన్ని లీటర్లు? 10,000 × 22.4 = 2,24,000 లీటర్లు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు దాదాపు ఎనిమిది నిండుతాయి. అదీ 0 డిగ్రీల దగ్గర. కర్నూలు మే నెల ఎండలో, 40 డిగ్రీల్లో ఒక మోల్ వాయువు 22.4 కాదు, దాదాపు 25.7 లీటర్లు తీసుకుంటుంది. ప్రశ్నలో ఉష్ణోగ్రత చూడకుండా 22.4 వేసేయొద్దు.

మార్కులు పోయే మూడు చోట్లు

ఒకటి, 22.4 వాయువులకే. ఒక మోల్ నీళ్లు 18 గ్రాములు, అంటే 18 మిల్లీలీటర్లు, రెండు గుక్కలు కూడా కాదు. రెండు, "ఒక మోల్ ఆక్సిజన్" అని ఊరికే వదిలేస్తే గందరగోళం. ఆక్సిజన్ పరమాణువులైతే 16 గ్రాములు, ఆక్సిజన్ వాయువు అణువులైతే 32. మూడు, మిల్లీగ్రాములు, కేజీలు వస్తే ముందు గ్రాముల్లోకి మార్చండి, లేదంటే మిల్లీమోల్స్ అని గుర్తు పెట్టుకోండి.

ఇక మీకు ఒక లెక్క. పైన వచ్చిన 560 కేజీల పొడిసున్నం పూర్తిగా తడిసున్నం కావాలంటే, చర్యలో ఎన్ని లీటర్ల నీళ్లు కలిసిపోతాయి? ఒక మోల్ సున్నానికి ఒక మోల్ నీళ్లు. పేపర్ మీదే చేయండి. పొడిసున్నంలో నీళ్లు పోస్తే బుసబుసా పొంగి కాలుతుంది, ఇంట్లో ప్రయత్నించొద్దు. జవాబు 180 లీటర్లు వస్తే మీకు మోల్ వచ్చేసినట్టే. రాకపోతే బస్టాండ్ దగ్గర తప్పు బస్సు ఎక్కినారు, మళ్లీ వెనక్కి రండి.

ఇంట్లో నీళ్ల రిపోర్టు ఉంటే తీసి, కాల్షియంను 40తో, మెగ్నీషియంను 24తో భాగించి, కూడి, 100తో గుణించి చూడండి. నాయన అడిగినప్పుడు నా మాదిరి కాకుండా, సరైన జవాబు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.