తొమ్మిది వందల కోట్ల నోటుపుస్తకాలు

బడి తెరవడానికి వారం ముందు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాం. ‘మీ పిల్లలకు ఎన్ని నోటుపుస్తకాలు కావాలి?’ అందరికీ కలిపి టోకున కొంటే ధర తగ్గుతుందని ఏటా ఇలాగే అడుగుతాం. మాది కోలారు జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న తెలుగు మాధ్యమ బడి. పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం.

జవాబులు 61 వచ్చాయి. ఒక్కొక్కటి ఒక్కో తీరు. ‘7వ తరగతి, మావాడికి 10 నోటుబుక్కులు’ అని ఒకరు. ‘పుస్తకాలు 8 చాలు అయ్యోరూ’ అని ఇంకొకరు. పోయినేడు దాకా కాగితం మీద గీతలు పెట్టుకుంటూ మేమే కూడేవాళ్లం. ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలు అడ్డుపడ్డారు. పైథాన్ నేర్చుకుంటున్నారు కదా, ఆ పని కంప్యూటరుతో చేయిస్తామన్నారు. సరేనన్నాం. ఆ వారం జరిగింది తోటి ఉపాధ్యాయులకూ, ఇంట్లో పిల్లల చేత కోడింగ్ నేర్పించాలనుకునే తల్లిదండ్రులకూ పనికొస్తుందని రాస్తున్నాం.

వాక్యంలోంచి అంకెలను ఏరడానికి ప్రోగ్రామర్లు వాడే సాధనం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. పేరు చూసి బెదరక్కర్లేదు. ‘ఇలాంటి ఆకారం ఎక్కడ కనిపించినా పట్టుకో’ అని చెప్పే నమూనా అది. [0-9] అని రాస్తే సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె. పక్కన + పెట్టి [0-9]+ అంటే అలాంటి అంకెలు ఒకటి గానీ, వరసగా ఎన్ని గానీ. ఆ కూడిక గుర్తు లేకపోతే 10ని 1, 0 అని రెండు ముక్కలుగా తెచ్చి చేతిలో పెడుతుంది. ఈ ఆలోచనకు మూలం 1950లలో గణిత శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ క్లీనీ చేసిన పని. దాన్ని కంప్యూటరులో వెతుకులాటకు పనికొచ్చేలా మలిచి 1968లో పత్రం రాసినవాడు కెన్ థాంప్సన్.

పిల్లలు జవాబులన్నీ వరసకొకటి చొప్పున ఒక ఫైలులో పెట్టారు. మొదటి ప్రయత్నంలో ప్రతి వరసలోనూ మొదట కనిపించిన సంఖ్యను తీసుకున్నారు. తరగతి ముందు రాసినవాళ్ల తరగతి సంఖ్యే పుస్తకాల లెక్క అయిపోయింది. ఏడో తరగతి వాడికి ఏడు, మూడో తరగతి పిల్లకు మూడు. పైగా కూడిక చేస్తే సంఖ్యలు ఒకదాని వెనక ఒకటి అతుక్కుని బారెడు పొడవున వచ్చాయి. కంప్యూటరు ఏరి ఇచ్చేది సంఖ్యను కాదు, అంకెల ఆకారంలో ఉన్న అక్షరాలను. '12', '10' కలిపితే దానికి '1210'. ఇంట్ అనే ఫంక్షన్‌తో పూర్ణాంకంగా మార్చాకే 22 అవుతుంది. పాఠం చెప్పేటప్పుడు మేము ఇక్కడ ఒక పూట ఆగుతాం. సంఖ్య వేరు, సంఖ్యను రాసిన రాత వేరు అని పిల్లలకు ఇంత సులువుగా అర్థమయ్యే చోటు లెక్కల పుస్తకంలో కూడా దొరకదు.

మొదటి సంఖ్య వద్దు, చివరిది తీసుకుందాం అన్నాడొకడు. ఈసారి మొత్తం తొమ్మిది వందల కోట్లు దాటింది! ఒక నాన్నగారు సందేశం చివర తన ఫోన్ నంబరు పెట్టారు. తరగతి గది అరగంట దాకా నవ్వు ఆపలేదు.

మూడో ప్రయత్నం తెలివైనది. సంఖ్య పక్కన ఏ మాట ఉందో చూడాలన్నారు. ([0-9]+) *(?:నోటు|పుస్తక|బుక్కు) అని రాశారు. మొదటి బ్రాకెట్లలో ఉన్నది మనకు కావలసిన సంఖ్య. ఖాళీ తర్వాత నక్షత్రం ఉంటే, ఖాళీ ఉన్నా లేకపోయినా ఫర్వాలేదని అర్థం. నిలువు గీత అంటే ‘లేదా’. రెండో బ్రాకెట్లలో ముందున్న ?: ‘ఈ మాట ఉందో లేదో చూడు, తీసుకురాకు’ అంటుంది. అది పెట్టకపోతే సంఖ్యతో పాటు ‘నోటు’ అన్న ముక్క కూడా జంటగా వచ్చి పడుతుంది.

మొత్తం నమ్మదగ్గట్టు వచ్చింది. ఎర్ర అక్షరాల్లో తప్పు ఏదీ చూపలేదు. సరిగ్గా అన్ని పుస్తకాలే కొన్నాం.

పంచిన రోజు ఆరుగురు పిల్లలకు కట్ట లేదు. మూడో తరగతి పాప ఒకతి ఖాళీ చేతులతో వరస చివర నిలబడింది. సాయంత్రం వాళ్ల అవ్వ వచ్చి ఫోను చూపించింది. ‘రాసి పంపితిని గదా అయ్యోరా!’ నిజమే, పంపింది. ‘మా పాపకు ౮ నోటుబుక్కులు.’ ఆమె చిన్నప్పుడు నేర్చుకున్న తెలుగు అంకెతో, తెలుగు కీబోర్డు మీద ముచ్చటగా రాసింది. మా నమూనాకు అది అంకెగా కనబడలేదు. తెలుగు బడిలో తెలుగు అంకె లెక్కకు రాలేదు. తప్పు ఆమెది కాదు, మాది. మర్నాడు బజారుకెళ్లి విడిగా కొన్నాం. విడి ధరకే అనుకోండి.

నమూనాకు ఏమీ దొరకకపోతే ప్రోగ్రాం ఆగదు, అరవదు. ఖాళీ జాబితా ఇచ్చి తర్వాతి వరసకు వెళ్లిపోతుంది. పిల్లలు ఆ ఆరు వరసలూ తెరిచి చూశారు. ఒకటి అవ్వ రాసింది. ఒకటి కన్నడ కీబోర్డు మీద కొట్టినది. రెండింట్లో ‘అరడజను’, ‘పన్నెండు’ అని మాటల్లో ఉంది. మిగతా రెండింట్లో వరస తిరగబడింది, ‘పుస్తకాలు 8’ అన్నట్టు. లెక్కకు వచ్చిన 55లో కూడా ఒకటి తప్పే. ‘ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరికి 6 నోటుబుక్కులు’ అన్న చోట 12 రావాల్సింది 6 వచ్చింది. అన్న కట్ట తీసుకుని తమ్ముడితో పంచుకున్నాడు గనుక పంచిన రోజు తెలియలేదు.

తెలుగు, కన్నడ అంకెలు మన కంటికి దాదాపు ఒకటే. కంప్యూటరుకు వేరు. యూనికోడ్‌లో మామూలు 0 సంకేతం 48. తెలుగు సున్నా 3174, కన్నడ సున్నా 3302. అవ్వ రాసిన ౮ సంకేతం 3182. అందులోంచి 3174 తీసేస్తే 8. ఈ తీసివేతను పిల్లలు తామే కనిపెట్టి గంతులేశారు.

పైథాన్‌లో ఇంకో దారి ఉంది. వెనక్కి వాలిన గీత, దాని పక్కన చిన్న ‘డి’ అక్షరం రాస్తే ‘ఏదైనా అంకె’ అని అర్థం. మా పిల్లలు దానికి వాలుగీత-డి అని పేరు పెట్టుకున్నారు. పైథాన్ 3లో అది తెలుగు, కన్నడ, ఒడియా, దేవనాగరి అంకెలన్నిటినీ పట్టుకుంటుంది. ఇంట్ ఫంక్షన్ కూడా ౮ను తిన్నగా 8 చేస్తుంది. అయితే అదే వాలుగీత-డి జావాస్క్రిప్ట్‌లో, గూగుల్ షీట్స్‌లో 0 నుంచి 9 దాకా మాత్రమే చూస్తుంది. అక్కడ [0-9౦-౯]+ అని మనమే విప్పి చెప్పాలి. రాత ఒకటే, అర్థం భాషను బట్టి మారుతుంది. కాబట్టి ఇంకొకరి నమూనాను తెచ్చుకుని అతికించే ముందు అది ఏ భాషకు రాసిందో చూడమని పిల్లలకు చెప్తున్నాం. మహారాష్ట్రలో, ఒడిశాలో పనిచేసే మిత్రులకు ఇది మాకంటే ఎక్కువ అవసరం. అక్కడ మరాఠీ, ఒడియా పాఠ్యపుస్తకాల్లో వాటి అంకెలే నడుస్తాయి. మన పిల్లలకు అవి రోజూ కంటబడేవే.

కామా సంగతి కూడా ఒక్క మాట. ‘1,250 రూపాయలు’లో [0-9]+ పెడితే 1, 250 అని రెండు వస్తాయి. [0-9][0-9,]* అని పట్టి, తర్వాత కామాలు తీసేయాలి. ఫోన్ నంబర్లను, సున్నాతో మొదలయ్యే అడ్మిషన్ నంబర్లను మాత్రం పూర్ణాంకాలుగా మార్చకండి. ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

గూగుల్ ఫారంలో సంఖ్యకు వేరే గడి పెడితే ఈ తిప్పలు లేవు కదా అని మా సహోపాధ్యాయుడొకరు అన్నారు. సగం నిజమే. ఫారం నింపగలిగిన వాళ్లకు ఫారమే మేలు, మేమూ పెట్టాం. కానీ మా పిల్లల్లో చాలామంది అవ్వాతాతల దగ్గర పెరుగుతున్నారు. వాళ్లు గడిలో అంకె వేయరు, మనతో మాట్లాడినట్టే రాస్తారు. మామూలు అంకెలే వేయండని వాళ్లకు చెప్పడం మాకు ఇష్టం లేదు.

ఇప్పుడు పిల్లలు ప్రోగ్రాం చివర రెండు వరసలు చేర్చారు. ఎన్ని సందేశాలు వచ్చాయి, ఎన్నిటిలో సంఖ్య దొరికింది అని పక్కపక్కన అచ్చువేస్తుంది. దొరకనివాటిని ఉన్నవి ఉన్నట్టు విడి జాబితాగా ఇస్తుంది. ఆ జాబితాను ఒకరు పైకి చదువుతారు, ఇంకొకరు చేత్తో ఎక్కిస్తారు. దసరా సెలవుల తర్వాత గ్రాఫు పుస్తకాల కోసం మళ్లీ అడిగితే 61కి 58 దొరికాయి. మిగిలిన మూడింట్లో అవ్వ సందేశం ఒకటి. ఈసారి ఆమె ‘రెండు’ అని మాటల్లో రాసింది.