68 డిగ్రీలు దాటితే... లోహమే!

రాగి తీగను వేడిచేస్తే కరెంటుకు అడ్డు కాస్త పెరుగుతుంది. అంతేగానీ రాగి రాగిలాగే ఉంటుంది. పింగాణీ పింగాణీలాగే ఉంటుంది. వెనేడియం డయాక్సైడ్ మాత్రం అలా కాదు. 68 డిగ్రీల సెల్సియస్ దాకా కరెంటుకు దారివ్వకుండా బిగుసుకుని కూర్చుంటుంది. ఆ గీత దాటిందో లేదో, లోహంలా మారిపోతుంది! కరగదు, రాయిలా గట్టిగానే ఉంటుంది. మేలిరకం స్ఫటికంలో అయితే విద్యుత్ నిరోధం ఏకంగా లక్షో వంతుకు పడిపోతుంది. చల్లారితే మళ్లీ మొదటికే.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త ఎఫ్.జె. మోరిన్ 1959లో ఈ వింతను బయటపెట్టారు. అప్పట్నుంచీ ఒకటే తగువు. చల్లగా ఉన్నప్పుడు వెనేడియం పరమాణువులు జంటలు జంటలుగా ఉంటాయి. వేడెక్కితే విడిపోయి సమాన దూరాల్లో సర్దుకుంటాయి. దానివల్లే ఎలక్ట్రాన్లకు దారి దొరుకుతోందన్నది ఒక వాదం. కాదు, ఎలక్ట్రాన్లే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఎక్కడివక్కడ ఇరుక్కుపోయాయి, ఆ బిగువు సడలడమే అసలు సంగతన్నది ఇంకోటి. ఈ రెండో ఆలోచనకు ఆద్యుడు నెవిల్ మాట్. 1977లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరు. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టు సాగిన ఈ వాదులాటలో, రెండింటికీ పాత్ర ఉందనేవాళ్లే ఇప్పుడు ఎక్కువ.

పెద్ద స్ఫటికంతో ఓ చిక్కుంది. పదేపదే వేడిచేసి చల్లారిస్తే లోపలి అమరిక మారే ఒత్తిడికి పగుళ్లిస్తుంది. అందుకే తల వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు ఉండే పొరగా గాజు మీదో, నీలమణి పలక మీదో పరుస్తారు. నిరోధంలో తేడా కొంత తగ్గినా పొర మన్నుతుంది.

ఆ పొరలో ఏం జరుగుతోందో 2007లో కంటపడింది. శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు సూదిలాంటి మొననూ పరారుణ కాంతినీ వాడి పొరనంతా గాలించారు. చూస్తే, అదంతా ఒక్కసారిగా లోహం కావడం లేదు! తొలకరికి నేల మీద నీటి మడుగుల్లా అక్కడక్కడా లోహపు మచ్చలు. వేడి పెరిగేకొద్దీ అవి పెద్దవై, ఒకదాంతో ఒకటి కలుస్తాయి. ఈ చివర నుంచి ఆ చివరకు దారి ఏర్పడిందంటే కరెంటు పరుగే. చల్లార్చేటప్పుడు మాత్రం పొర మొండికేస్తుంది. వేడెక్కేటప్పుడు మారిన చోటికన్నా కొన్ని డిగ్రీలు కిందికి దిగితేగానీ లోహ గుణం వదలదు. అంటే ఒకే ఉష్ణోగ్రత దగ్గర, తాను చలి నుంచి వచ్చిందో వేడి నుంచి వచ్చిందో దానికి గుర్తుంటుందన్నమాట!

లోహంగా మారిన పొర వెలుతురును రానిచ్చి, ఎండలోని పరారుణ వేడిని చాలావరకు అడ్డుకుంటుంది. కిటికీ అద్దానికి పూస్తే? మండువేసవిలోనూ అద్దం 68 డిగ్రీలకు చేరడం కష్టమే. ఒక శాతం టంగ్‌స్టన్ కలిపితే ఆ గీత ఇరవై డిగ్రీలకు పైగా కిందికి దిగుతుంది. కాకపోతే మార్పులో ఆ జోరు తగ్గుతుంది. పైగా అద్దానికి పసుపు, గోధుమరంగు కలిసిన ఛాయ వస్తుంది. టీ డికాక్షన్ రంగు కిటికీలు ఎవరికి నచ్చుతాయి? ఆ రంగు వదిలించే పనిలో ఇంకా తలమునకలుగానే ఉన్నారు.