శక్తి పొదుపు గృహం

శక్తి పొదుపు గృహం అనగా చల్లదనం, వెలుతురు, గాలి కోసం విద్యుత్తుపై వీలైనంత తక్కువగా ఆధారపడేలా రూపొందించిన ఇల్లు. తక్కువ విద్యుత్తు వాడే బల్బులు, పంకాలు కొనడం ఇందులో ఒక భాగం మాత్రమే. ఇంటి పొడవు ఏ దిక్కుకు ఉండాలి, కిటికీలు ఎటు పెట్టాలి, గోడలు దేనితో కట్టాలి, కప్పు ఎలా వేయాలి అన్న నిర్ణయాలు అంతకంటే ముఖ్యమైనవి. పరికరాలను ఎప్పుడైనా మార్చుకోవచ్చు గాని, కట్టిన ఇంటి దిక్కును మార్చడం సాధ్యం కాదు. అందుచేత శక్తి పొదుపు ఇంటికి ముగ్గు పోసేనాడే మొదలవుతుంది.

సూర్యగమనం, ఇంటి దిక్కు

ఇంటి రూపకల్పన ఆ ఊరి అక్షాంశాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు, రాజన్న సిరిసిల్ల జిల్లాలోని గంభీరావుపేట (2016 వరకు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది) సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఇక్కడ సూర్యుడు ఏటా రెండుసార్లు, మే రెండవ వారంలోను, జూలై చివరలోను, మధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు. వీటిలో మొదటిది ఎండలు ముదిరిన కాలం. ఆ రోజులలో మధ్యాహ్నపు ఎండ గోడల కంటే కప్పుపై ఎక్కువగా పడుతుంది. డిసెంబరు 21న మాత్రం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తు వరకే చేరుకుంటాడు. దీనినిబట్టి ఒక్కొక్క దిక్కు గోడకు ఒక్కొక్క ఏర్పాటు అవసరమవుతుంది.

* దక్షిణం: కిటికీపై 2 అడుగుల సజ్జ చాలును. మార్చి 21 మధ్యాహ్నం అది దాదాపు 6 అడుగుల దిగువ వరకు నీడనిస్తుంది. అదే సజ్జ డిసెంబరులో 2 అడుగుల మేరకే నీడనిచ్చి, హాయినిచ్చే చలికాలపు ఎండను లోపలికి రానిస్తుంది.
* తూర్పు, పడమర: ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది కనుక సజ్జ సరిపోదు. వసారా, చెట్లు లేదా తడకలు కావాలి. పడమర వైపు మెట్లు, స్నానాల గది, సామాను గది ఉంచితే పడక గదులకు వేడి తగ్గుతుంది.
* ఉత్తరం: వేసవి ఉదయం, సాయంత్రం తప్ప నేరుగా ఎండ దాదాపు పడదు. చదువుకునే గదికి ఈ వెలుతురు అనుకూలం.

కాబట్టి పొడవాటి గోడలు ఉత్తర, దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు, పడమరలకు ఉండేలా కట్టడం మేలు. ఈ మార్పుకు అదనపు ఖర్చు ఉండదు.

కప్పు

ఆర్.సి.సి. స్లాబ్ పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి గదిలోకి వదులుతుంది. వేసవిలో బయట గాలి చల్లబడిన తరువాత కూడా స్లాబ్ ఇంటిలో ఉక్క తగ్గకపోవడానికి ఇదే కారణం. పూర్వపు గూన పెంకుల ఇళ్ళలో పెంకుల సందుల నుండి వేడి గాలి బయటకు పోయేది. మట్టి మిద్దెలలో మందమైన మట్టి పొర వేడిని ఆలస్యం చేసేది.

స్లాబ్‌పై వేడిని తగ్గించే సులభమైన మార్గం ఎండను తిప్పికొట్టే తెల్లని పూత. సున్నం, చలువ రంగు, తెల్లని పలకలు ఇందుకు వాడతారు. 2017లో హైదరాబాదులోని ఒక బస్తీలో 25 చిన్న ఇళ్ళ కప్పులపై తెల్లని పొర పరచి పరిశీలించగా, లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీల సెల్సియస్ తగ్గినట్లు తేలింది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చలువ కప్పుల విధానాన్ని ప్రకటించింది.

రెండవ మార్గం స్లాబ్ కింది భాగంలో కొంత కాంక్రీటుకు బదులు పెంకులు అమర్చడం. కేరళలో పనిచేసిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917-2007) ఈ పద్ధతికి ప్రాచుర్యం కల్పించాడు. దీనివలన కాంక్రీటు కూడా ఆదా అవుతుంది.

గోడలు

ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ వదిలే కట్టుబడికి కూడా బేకరే ప్రచారం కల్పించాడు. ఇందులో సుమారు నాలుగో వంతు ఇటుకలు ఆదా అవుతాయి. నడుమ నిలిచిన గాలి వేడిని ఆపుతుంది. ఇటుకల తయారీకయ్యే శక్తిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మట్టి ఇటుకను బట్టీలో కాల్చాలి. రామగుండం వంటి బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఇటుకకు కాల్చే పని లేదు.

గాలి

వేసవి పగలు వీచే వడగాలి లోపలికి రాకుండా కిటికీలు మూసి, రాత్రి తెరచి ఉంచాలి. రాత్రి గాలి గదిగుండా సాగిపోవాలంటే ఎదురెదురు గోడలకు కిటికీలు, వేడి గాలి పైకి పోవడానికి వెంటిలేటర్లు ఉండాలి. నడుమ ఆకాశానికి తెరచిన ఖాళీ ఉంచి, చుట్టూ వసారాలు, గదులు కట్టిన పాత భవంతి ఇళ్ళు ఈ సూత్రంపైనే ఆధారపడ్డాయి.

పరికరాలు, సౌర విద్యుత్తు

సాధారణ పంకా సుమారు 75 వాట్లు, బి.ఎల్.డి.సి. పంకా సుమారు 30 వాట్లు వాడతాయి. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కొక్క పంకాకు నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితం. ఆ పరిమితి దాటితే మొత్తం బిల్లు చెల్లించాలి కనుక ఈ 20 యూనిట్లు విలువైనవి. అదే సంవత్సరం ప్రారంభమైన పి.ఎం. సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్ల సౌర పలకలకు 78,000 రూపాయల రాయితీ కలదు. వీటికోసం కప్పుపై నీడపడని చోటును ముందే కేటాయించాలి.

నియమాలు, చిన్న ఇళ్ళు

2018 డిసెంబరులో విద్యుత్ పొదుపు సంస్థ నివాస భవనాల కోసం ఎకో నివాస్ సంహితను విడుదల చేసింది. కప్పు గుండా ప్రసరించే వేడికి ఇది చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్ల పరిమితి విధించింది. ఏ పూతా, పొరా లేని స్లాబ్‌కు ఈ విలువ 3 కంటే ఎక్కువ. అయితే ఈ సంహితను 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలలోని కట్టడాలను దృష్టిలో ఉంచుకుని రూపొందించారు. 2024లో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో 5 లక్షల రూపాయలతో, కనీసం 400 చదరపు అడుగులలో కట్టుకునే ఇంటికి ఆ రక్షణ అందదు. కరెంటు పోయిన మే నెల రాత్రి వృద్ధులు, పసిపిల్లలు ఆ కప్పు కిందనే పడుకోవాలి. చిన్న ఇంటిలో ఈ బాధ్యత కట్టించుకునే కుటుంబంపైన, మేస్త్రీపైన ఉంటుంది. దిక్కు, సజ్జ, ఎదురెదురు కిటికీలు, తెల్లని కప్పు అనే నాలుగూ తక్కువ ఖర్చుతో అయ్యేవే. వీటిలో మొదటి మూడింటిని కట్టేటప్పుడే చూసుకోవాలి.