డ్రోన్‌కు దారి చూపే ఉపగ్రహ సంకేతం: ఎలక్ట్రానిక్ పరికరాల రొద నుంచి రక్షణ

విజయవాడ: 2024 సెప్టెంబరు తొలి రోజులలో బుడమేరు వరద నగరంలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తినప్పుడు, జలదిగ్బంధంలో చిక్కుకున్న కుటుంబాలకు డ్రోన్ల ద్వారా ఆహారం, తాగునీరు అందించడం జరిగింది. అదే ఏడాది అక్టోబరు 22న కృష్ణాతీరంలోని పున్నమి ఘాట్ వద్ద 5,500 డ్రోన్లతో నిర్వహించిన ప్రదర్శన ఐదు గిన్నిస్ రికార్డులను నెలకొల్పింది. ఒకటి ఆపద, మరొకటి వేడుక. ఇటువంటి డ్రోన్లు గాలిలో తమ స్థానాన్ని తెలుసుకుని నిలకడగా ఉండడానికి ప్రధాన ఆధారం ఉపగ్రహ సంకేతమే. ఆ సంకేతానికి డ్రోన్‌లోని ఇతర పరికరాల నుంచే అంతరాయం ఏర్పడే అవకాశం ఉన్నందున, దాని నివారణ ప్రాధాన్యం సంతరించుకుంది.

అతి బలహీనమైన సంకేతం

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమిస్తాయి. పౌర వినియోగానికి ఉద్దేశించిన వాటి ప్రధాన సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై వెలువడుతుంది. నేలను చేరే సరికి దాని శక్తి ఒక వాట్‌లో కోటి కోట్ల వంతు, అందులో మళ్లీ నూరో వంతు స్థాయికి క్షీణిస్తుంది. రిసీవర్ తన వద్ద ఉన్న సంకేత నమూనాతో పోల్చి చూస్తూ దానిని రొదలో నుంచి వెలికితీస్తుంది. అందువల్ల పక్కనున్న పరికరం వెలువరించే స్వల్ప విద్యుదయస్కాంత రొద సైతం ఆ పనికి ఆటంకం కలిగించగలదు.

అంతరాయానికి మూలాలు

2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయ పరిసరాలలో వెలుగుచూసిన నకిలీ ఉపగ్రహ సంకేతాలు బయటి నుంచి వచ్చే ముప్పునకు ఉదాహరణ. ఇక్కడ ప్రస్తావిస్తున్నది పరికరం తనకు తాను కలిగించుకునే అంతరాయం. కెమెరా, చిత్రాలను ప్రసారం చేసే ట్రాన్స్‌మిటర్, మోటార్ల వేగాన్ని నియంత్రించే సర్క్యూట్లు, బ్యాటరీ వోల్టేజీని మార్చే కన్వర్టర్లు, యూఎస్‌బీ 3.0 వంటి అతివేగ డేటా కేబుళ్లు ఇందుకు కారణమవుతాయి. ఉదాహరణకు 525 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే క్లాక్ సర్క్యూట్ తన పౌనఃపున్యానికి మూడు రెట్లయిన 1575 మెగాహెర్ట్జ్ వద్ద కూడా కొంత రొదను వెలువరిస్తుంది. అది సరిగ్గా జీపీఎస్ సంకేతం సమీపానికే చేరుతుంది.

భారత ప్రాంతీయ నావిగేషన్ వ్యవస్థ నావిక్‌కు సంబంధించి మరో అంశాన్ని గమనించవలసి ఉంది. దాని ఎస్ బ్యాండ్ సంకేతం 2492.028 మెగాహెర్ట్జ్ వద్ద, వై-ఫై పరికరాలు వాడే 2400-2483.5 మెగాహెర్ట్జ్ శ్రేణికి ఆనుకునే ఉంటుంది. అనేక డ్రోన్ల రిమోట్‌లు కూడా ఇదే శ్రేణిలో పనిచేస్తాయి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో నావిక్‌కు 1575.42 మెగాహెర్ట్జ్ సంకేతం అదనంగా సమకూరింది.

నివారణ మార్గాలు

* యాంటెన్నాను ఇతర సర్క్యూట్లకు దూరంగా, డ్రోన్ పైభాగాన చిన్న స్తంభంపై అమర్చడం.
* రొద వెలువరించే భాగాలపై లోహపు కవచం ఏర్పాటు చేసి, దానిని సర్క్యూట్ గ్రౌండ్‌కు సక్రమంగా కలపడం.
* కేబుళ్లను పొట్టిగా ఉంచి, వాటికి ఫెర్రైట్ వలయాలు తొడగడం.
* విద్యుత్ సరఫరా మార్గంలోను, యాంటెన్నా వద్ద ఫిల్టర్లను అమర్చడం.
* ఒకటికి మించి పౌనఃపున్యాలను స్వీకరించే రిసీవర్లను ఎంచుకోవడం.

వీటిని డిజైన్ దశలోనే పాటించడం శ్రేయస్కరం. తయారీ పూర్తయిన తరువాత చేసే సవరణల వల్ల వ్యయంతో పాటు డ్రోన్ బరువు కూడా పెరుగుతుంది.

సులభమైన పరీక్ష

కొనుగోలు సమయంలో అధికారులు కోరదగిన పరీక్ష ఒకటి ఉంది. ఆరుబయట మొదట రిసీవర్‌ను మాత్రమే పనిచేయించి, రొదతో పోల్చినప్పుడు సంకేత బలం ఎంత ఉన్నదో నమోదు చేయాలి. అనంతరం కెమెరా, ట్రాన్స్‌మిటర్, మోటార్లను ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ అదే కొలతను తిరిగి తీసుకోవాలి. మోటార్లను పరీక్షించే ముందు రెక్కలను తొలగించాలి. కొలత 3 డెసిబెళ్లు తగ్గితే ఆ నిష్పత్తి సగానికి, 10 డెసిబెళ్లు తగ్గితే పదో వంతుకు పడిపోయినట్లు. ఏ పరికరం ఆన్ చేసినప్పుడు కొలత తగ్గిందో, లోపానికి మూలం అక్కడే ఉన్నదని గ్రహించవచ్చు. సమగ్ర పరీక్షలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘సమీర్’ చెన్నై, విశాఖపట్నం కేంద్రాలు అందుబాటులో ఉన్నాయి.

వరద నీటిపై, కరెంటు తీగల నడుమ, మేడపై వేచి ఉన్న కుటుంబానికి ఆహార పొట్లం చేర్చవలసిన వేళ డ్రోన్ తన స్థానాన్ని కోల్పోతే సహాయం అందకపోగా, అదే ప్రమాదానికి దారితీయవచ్చు. ఆ సమయంలో లోపాన్ని వెతికే వ్యవధి ఉండదు. కనుక పరీక్షలన్నీ వర్షాకాలానికి ముందే పూర్తి చేసుకోవడం అవసరం.