ఇల్లు మారినా ఆగ్నేయమే: కొత్త ఇంటిపై డిష్ బిగించుకునే విధానం

అద్దె ఇల్లు మారే రోజున మంచం, బీరువా, పొయ్యి, బియ్యపు డబ్బా కొత్త గుమ్మం దాటగానే తమ పని తాము మొదలుపెడతాయి. డిష్ మాత్రం అలా కాదు. పాత మేడపై ఏళ్ల తరబడి చక్కగా పనిచేసిన అదే డిష్, అదే కేబుల్, అదే సెట్ టాప్ బాక్స్ కొత్త మేడపైకి వచ్చేసరికి తెరమీద ‘సిగ్నల్ లేదు’ అన్న మాట తప్ప మరేమీ చూపవు. స్థానిక లిపి చదవలేని పెద్దవారు ఉన్న ఇంట్లో ఇది చిన్న కొరత కాదు. స్వగ్రామం వైపు వచ్చే తుఫాను హెచ్చరిక, సాయంత్రపు వార్తలు, పండుగనాటి కార్యక్రమం వారికి తెలుగులో అందే దారి అదొక్కటే కావచ్చు. ఆ ఆరాటంలో ఎవరో ఒకరు చీకటి పడ్డాక పిట్టగోడ ఎక్కి డిష్‌ను అటూ ఇటూ తిప్పడం మొదలుపెడతారు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది.

డిష్‌ను వెతుకులాటతో కాక లెక్కతో నిలబెట్టవచ్చు. ఆ లెక్క సులభమైనది. అది తెలిసినవారికి మేడమీద ఎక్కువసేపు ఉండవలసిన అవసరమే రాదు.

డిష్ దేనిని చూస్తుంది?

దూరదర్శన్ వారి ఉచిత సేవ 2004 డిసెంబరులో ప్రారంభమైంది. నేడు దాని పేరు డీడీ ఫ్రీ డిష్. డిష్, సెట్ టాప్ బాక్స్ ఒకసారి కొనుక్కుంటే నెలనెలా చెల్లించవలసిన రుసుము ఉండదు. తెలుగువారి కోసం ఇందులో డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి ఉన్నాయి. ఈ ప్రసారాలు జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి వస్తాయి. ఇస్రో నిర్మించిన ఈ ఉపగ్రహాన్ని 2015 నవంబరు 11న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ ద్వారా ప్రయోగించారు. అది భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. భూమి తిరిగే వేగంతోనే అదీ తిరుగుతుంది గనుక మన ఆకాశంలో ఎల్లప్పుడూ ఒకేచోట నిలిచి ఉన్నట్లే లెక్క.

బెంగళూరు, చెన్నై, షోలాపూర్, ముంబయి నగరాలన్నీ ఆ రేఖాంశానికి పశ్చిమాన, భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాయి. కాబట్టి అక్కడివారికి ఆ ఉపగ్రహం తూర్పుకూ దక్షిణానికీ నడుమ, అంటే ఆగ్నేయంలో ఉంటుంది. ఇంటిలో వంటగది ఉండవలసిన మూలగా తెలుగువారు చిన్ననాటి నుంచీ వినే దిక్కు అదే. అయితే ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. డిష్‌ను మేడపై ఏ మూలనైనా నిలపవచ్చు, అది చూడవలసిన వైపు మాత్రం ఆగ్నేయం కావాలి.

ఊరు మారితే మారేవి

డిష్‌కు రెండు కోణాలు ముఖ్యం. మొదటిది దిక్కు. ఉత్తరం నుంచి తూర్పు మీదుగా దక్షిణం వైపు తిరుగుతూ ఎన్ని డిగ్రీలు వచ్చాయో లెక్కిస్తే అది తెలుస్తుంది. ఈ లెక్కలో తూర్పు 90, ఆగ్నేయం 135, దక్షిణం 180. రెండవది ఎత్తు. నేలకు సమాంతరంగా చూసే చూపును ఎన్ని డిగ్రీలు పైకెత్తితే ఉపగ్రహం కనబడుతుందో అది చెబుతుంది.

జీశాట్-15 కోసం బెంగళూరులో దిక్కు సుమారు 128 డిగ్రీలు, ఎత్తు 66. చెన్నైలో దిక్కు 134, ఎత్తు 68. షోలాపూర్‌లో 134, 61. ముంబయిలో 131, ఎత్తు 57 నుంచి 58. యానాంలో 145, 66. బరంపురంలో 155, 65.

బరంపురం నుంచి బెంగళూరుకు వచ్చిన కుటుంబం ఎత్తును దాదాపు మార్చనక్కరలేదు, దిక్కును మాత్రం 27 డిగ్రీలు తూర్పుకు తిప్పాలి. ముంబయి నుంచి చెన్నైకి వచ్చినవారి పరిస్థితి ఇందుకు తలకిందులు. దిక్కులో మార్పు స్వల్పం, ఎత్తు మాత్రం పది డిగ్రీలకు పైగా పెంచాలి. ఒకే నగరంలో ఒక పేట నుంచి మరో పేటకు మారినవారికి ఈ రెండూ మారవు. పాత ఇంటి బ్రాకెట్‌పై ఉన్న ఎత్తు గుర్తును విప్పకముందే రంగుతో గీసి పెట్టుకుంటే కొత్త ఇంట్లో సగం పని తీరినట్టే.

పొరుగింటి డిష్‌ను చూసి తమ డిష్‌ను తిప్పుకునేవారూ ఉంటారు. రెండు ఇళ్లలోనూ ఒకే సేవ ఉన్నప్పుడే అది పనికివస్తుంది. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు వద్ద ఉన్నాయి గనుక బెంగళూరులో ఆ డిష్ దక్షిణానికి దగ్గరగా, సుమారు 157 డిగ్రీల వైపు చూస్తుంది. ఎయిర్‌టెల్ ఉపగ్రహం 108.2 డిగ్రీల వద్ద ఉంది గనుక ఆ డిష్ తూర్పుకు దగ్గరగా, సుమారు 111 డిగ్రీల వైపు తిరిగి ఉంటుంది. ఒకే మేడపై మూడు డిష్‌లు మూడు వైపులకు చూడటానికి కారణం ఇదే.

చోటు ఎంపిక

స్థలం ఎంచుకునేటప్పుడు మేడపై నిలబడి ఆగ్నేయాకాశాన్ని చూడాలి. గోడ, నీళ్ల ట్యాంకు, కొబ్బరిచెట్టు, పక్క భవనం చూపుకు అడ్డురాకూడదు. బెంగళూరులో అడ్డుగోడ డిష్ కంటే 10 అడుగులు ఎత్తుగా ఉంటే, డిష్‌ను ఆ గోడకు కనీసం 5 అడుగుల దూరంలో నిలపాలి. ఉపగ్రహం కాస్త కిందికి కనిపించే ముంబయిలో అదే గోడకు 7 అడుగుల దూరం కావాలి. బాల్కనీలో బిగించదలచినవారికి పై అంతస్తు కప్పు పెద్ద అడ్డంకి. చూపు బాగా పైకి వెళ్లాలి గనుక డిష్ బాల్కనీ బయటి అంచుకు దగ్గరగా ఉంటేనే సిగ్నల్ అందుతుంది. ఉత్తరానికో పడమటికో ముఖం ఉన్న బాల్కనీలో ప్రయత్నమే వృథా.

అడ్డు ఉన్నదో లేదో చూసేటప్పుడు డిష్ ముఖాన్ని నమ్మరాదు. ఇళ్లపై కనిపించే చిన్న డిష్‌లలో సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీ నడుమ కాక కింది వైపున ఉంటుంది. అందువల్ల డిష్ ముఖం వంగినట్టు కనిపించే కోణం కంటే సిగ్నల్ వచ్చే కోణం ఇరవై డిగ్రీలకు పైగా ఎక్కువ ఉంటుంది. డిష్ ఎదుటి గోడను చూస్తున్నట్టే ఉన్నా అది నిజానికి గోడపైనున్న ఆకాశాన్ని చూస్తుంది. చాలా బ్రాకెట్లపై ముద్రించిన డిగ్రీల గీతలు ఈ తేడాను లెక్కలోకి తీసుకున్నవే.

అద్దె ఇంట్లో కప్పుకు రంధ్రాలు వేయడానికి యజమాని ఒప్పుకోకపోవచ్చు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. రంధ్రం పడిన చోటునుంచే వానాకాలంలో కప్పు కారడం మొదలవుతుంది. దానికి బదులు వెడల్పాటి నాలుగు కాళ్ల ఇనుప స్టాండును తీసుకుని, ఒక్కొక్క కాలిపై ఇసుక బస్తా పెట్టి నిలపవచ్చు. ఇల్లు మారేటప్పుడు స్టాండుతో సహా తీసుకుపోవచ్చు. రంగుల బకెట్‌లో కాంక్రీటు పోసి గొట్టం నాటే పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది. దాని బరువు 45 కిలోలు దాటినా అడుగు ఇరుకైనది గనుక ఈదురుగాలికి దొర్లిపోగలదు. స్టాండు ఎలాంటిదైనా మేడ నడిమి భాగంలోనే ఉండాలి. పిట్టగోడపై నిలిపిన డిష్ పడితే అది పడేది వీధిలో నడిచే మనిషి మీద.

యజమాని అనుమతిని, వెళ్లేటప్పుడు డిష్ తీసుకుపోయే హక్కును ఒక కాగితంపై రాయించుకోవడం ఉభయులకూ మేలు. అపార్ట్‌మెంటులో నివాసుల సంఘానికి కూడా ముందే తెలియజేయాలి.

బిగించే క్రమం

మొదట గొట్టం నిటారుగా ఉండాలి. మేస్త్రీలు వాడే రసమట్టాన్ని గొట్టానికి రెండు పక్కలా ఆనించి చూస్తే తెలిసిపోతుంది. గొట్టం ఒరిగి ఉంటే తరువాతి కొలతలన్నీ తప్పుతాయి. తరువాత బ్రాకెట్‌పై ఎత్తు కోణాన్ని ఆ ఊరి అంకె దగ్గర ఉంచి మర ఓ మాదిరిగా బిగించాలి.

దిక్కు కోసం ఫోనులోని దిక్సూచి సరిపోతుంది. ఇనుప గొట్టం, ట్యాంకు, కప్పులోని ఊచలు దానిని తప్పుదారి పట్టించగలవు కాబట్టి స్టాండుకు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి దిక్కు చూసుకుని, ఆ వైపున దూరంగా కనిపించే ఒక కిటికీనో చెట్టునో గుర్తుపెట్టుకోవాలి. డిష్‌ను ఆ గుర్తు వైపు తిప్పాలి.

కేబుల్ కలిపేటప్పుడు సెట్ టాప్ బాక్స్ కరెంటు ఆపి ఉంచాలి. ఎల్‌ఎన్‌బీకి విద్యుత్తు ఆ కేబుల్ ద్వారానే అందుతుంది. తరువాత బాక్స్ ఆన్ చేసి, మెనూలో సిగ్నల్ చూపే పేజీని తెరవాలి. అక్కడ రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి తీవ్రత, రెండవది నాణ్యత. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తీవ్రత గీత నిండుగా ఉన్నంత మాత్రాన డిష్ సరిగ్గా ఉన్నట్టు కాదు. కేబుల్, ఎల్‌ఎన్‌బీ పనిచేస్తున్నాయని మాత్రమే అది చెబుతుంది. కావలసిన ఉపగ్రహమే దొరికిందని చెప్పేది నాణ్యత గీత. కింద ఒకరు టీవీ ముందు కూర్చుని ఫోనులో నాణ్యత అంకెను చదువుతుంటే, పైన ఒకరు డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ప్రతి కదలిక తరువాత కొన్ని క్షణాలు ఆగాలి.

ఈ నిదానానికి కారణం ఉంది. 60 సెంటీమీటర్ల డిష్ అడుగు కదలకుండా పై అంచు ఒక్క సెంటీమీటరు వంగితే కోణం ఒక డిగ్రీ మారుతుంది. ఉపగ్రహం ఉన్న దూరంలో ఆ ఒక్క డిగ్రీ ఆరువందల కిలోమీటర్లకు పైగా అవుతుంది. రెండు డిగ్రీలు తప్పితే డిష్ పక్క ఉపగ్రహాన్ని చూడగలదు.

దిక్కు కుదిరాక ఎత్తును, ఆపై ఎల్‌ఎన్‌బీని సవరించాలి. ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలో కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పి, నాణ్యత అత్యధికంగా ఉన్నచోట ఆపాలి. ఊరు మారినప్పుడు సిగ్నల్ తరంగం వచ్చే వాలు కూడా మారుతుంది. పాత ఊళ్లో ఉన్నట్టే వదిలేస్తే కొన్ని ఛానెళ్లు వస్తాయి, కొన్ని రావు. చివరగా మరలన్నీ ఒకదాని తరువాత ఒకటిగా బిగించి నాణ్యతను మళ్లీ చూసుకోవాలి. కేబుల్ ఇంట్లోకి ప్రవేశించే చోట కిందికి చిన్న వంపు ఉంచితే వాననీరు అక్కడే కారిపోతుంది, గోడలోకి రాదు.

జాగ్రత్తలు

ఈ పని పగటి వెలుగులో, తడిలేని రోజున, ఇద్దరు కలిసి చేయాలి. ఇనుప గొట్టంగాని నిచ్చెనగాని చేయి జారి పడినా కరెంటు తీగకు తగలనంత దూరం ఉన్నప్పుడే పని మొదలుపెట్టాలి. అంత దూరం లేకపోతే ఆ చోటును వదులుకోవడమే వివేకం. కేబుల్‌ను కరెంటు స్తంభానికి కట్టరాదు, మెట్లదారికి అడ్డంగా లాగరాదు. బట్టలు ఆరేసే తాడును డిష్ చేతికి కట్టడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. తడి చీర బరువొక్కటే కోణం చెదరడానికి చాలు. ఉరుములు మొదలుకాకముందే బాక్స్ ప్లగ్గును, కేబుల్‌ను ఊడదీయాలి. తుఫాను హెచ్చరిక వెలువడితే గాలి రాకముందే డిష్‌ను విప్పి లోపల పెట్టాలి.

భారీ వానలో చిత్రం చెదరడం సహజం. ఈ సిగ్నల్‌ను వాననీరు కొంత పీల్చుకుంటుంది. మార్చి నడిమి రోజుల్లో, సెప్టెంబరు చివర సూర్యుడు ఉపగ్రహం వెనుకగా వచ్చినప్పుడు కూడా పగటిపూట కొన్ని నిమిషాలు ప్రసారం ఆగవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ మేడ ఎక్కి డిష్‌ను కదిలించరాదు. కాసేపటికి చిత్రం తనంతట తానే వస్తుంది.

డబ్బు కట్టి చూసే సేవ ఉన్నవారు ఇల్లు మారే ముందే ఆ సంస్థకు కొత్త చిరునామా తెలిపి, డిష్ మార్చడానికి అయ్యే రుసుమును అడిగి తెలుసుకోవాలి. పాడైన సెట్ టాప్ బాక్సును చెత్తకుండీలో వేయక, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి అందజేయాలి. ఖాళీ చేసే ఇంటిపై తుప్పుపట్టిన డిష్‌ను వదిలి వెళ్లడం తగదు. దాని మర ఊడే రోజున కింద ఆడుకునేది ఎవరి బిడ్డో చెప్పలేము.

ఊరు ఏదైనా రెండు అంకెలు, ఒక దిక్సూచి, ఒక రసమట్టం ఉంటే గంటలోపే పని ముగుస్తుంది. ఆ సాయంత్రం ఇంట్లోని పెద్దవారు తమ జిల్లా వార్తలను తమ భాషలో వింటారు. డిష్ బిగించినవారు క్షేమంగా కిందికి దిగి, వారి పక్కనే కూర్చుంటారు.